నూట మూడు కంటే తొమ్మిది పెద్దది

ఒకటో రోజు

ఏడో బొగ్గుబావి క్రమశాఖలో జాబితా గుమస్తాగా పనిచేసేవాళ్ళు రోజూ దినచర్య రాయాలని నియమం. ఆ దినచర్యలు చదివే విభాగాన్ని పోయిన ఏడాదే మూసేశారు. రాయాలన్న నియమాన్ని రద్దు చేయడం మాత్రం మరిచిపోయారు. కాబట్టి వేముల భూలక్ష్మి అనే నేను, ఎవరూ చదవరన్న ధైర్యంతో ఇది రాస్తున్నాను.

ఇవాళ నాకు శాలువా కప్పారు. నేలకు మూడు వందల మీటర్ల కింద, ముప్పై ఆరు డిగ్రీల ఉక్కపోతలో, ఉన్ని శాలువా. కప్పింది మా క్రమాధికారి యశోవర్ధన్ సార్. చప్పట్లు అయ్యేదాకా తీయకూడదన్నారు. చప్పట్లు చాలాసేపు కొట్టించారు.

నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే జాబితాను తొందరగా తెప్పించడం. బావిలో నాలుగు వేల రెండు వందల మందిమి. ఒక్కొక్కరికీ యంత్రంలో ఒక పత్రం ఉంటుంది. మా తాతలు పైన ఎండకు తాళలేక, అంతకుముందెప్పుడో బొగ్గు తవ్విన ఈ సొరంగాల్లోకి దిగినప్పుడు తెచ్చుకున్న పద్ధతి అది, పేరు ఎక్స్‌ఎంఎల్. ప్రతి వివరానికీ ముందొక ట్యాగు, వెనకొక ట్యాగు. పేరుకు రెండు, గ్యాలరీకి రెండు, ఛాతీలోని దుమ్ము లెక్కకు రెండు. ఈ పత్రాలన్నిటినీ యంత్రం మొదటి సైరనుకు ముందే వరసలో పెట్టి గోడల మీద జాబితా వేయాలి. దుమ్ము ఎక్కువ ఉన్నవాళ్ళు ముందు, తక్కువ ఉన్నవాళ్ళు వెనక. మొదటి అరవై మందికి ఆ రోజు గాలిగది పది మంచాల మీద వంతులవారీగా నాలుగేసి గంటల శుభ్రమైన గాలి.

మొన్నటిదాకా ఆ జాబితా మధ్యాహ్నం భోజనాల వేళకు గానీ వచ్చేది కాదు. బావిలో నలభై గ్యాలరీలు, అంటే మేముండే సొరంగాలు. ఒక్కో గ్యాలరీ గోడకు జాబితా వేసే ముందు యంత్రం బావి మొత్తాన్నీ మళ్ళీ మొదటి నుంచి వరసపెట్టేది. బంతిలో ఒక్కో విస్తరి ముందుకు రాగానే మళ్ళీ ఎసరు పెట్టినట్టు. నేను ఆ నియమాల పత్రాన్ని మార్చాను. ఒక్కసారే వరసపెట్టు, దాచుకో, ఎవరి గ్యాలరీ ముక్క వాళ్ళకు కోసి ఇవ్వు అన్నాను. పనిలో పనిగా, పోల్చే ముందు దుమ్ము లెక్కను అంకెగా మార్చుకోమని చెప్పే వాక్యం ఒకటుంటే దాన్నీ కొట్టేశాను. అంకెను అంకె అని మళ్ళీ చెప్పడమెందుకు, ప్రతి పోలికకూ అదొక దండగ అనుకున్నాను. ఏడు గంటల పని నాలుగు నిమిషాలకు వచ్చింది.

మూడో రోజు

వడపోత గుడ్డలు ఉతుక్కునే వంతు ఇవాళ మా గ్యాలరీది. మా పెద్దబాపు ఓదెలు కూర్చొని చూశాడు, నేను ఉతికాను. నాకు ఆరేళ్ళప్పుడు మా నాయన సొరంగం కప్పు కూలి చనిపోతే నన్ను పెంచింది నాయనకు అన్నయిన ఈయనే. ముప్పై ఏళ్ళు డ్రిల్లింగ్ మిషన్ పట్టిన మనిషి. ఇప్పుడు రెండు మాటలకొకసారి ఆగి గాలి వెతుక్కుంటాడు.

నర్సు సరోజన వచ్చి ఆయన ఛాతీ లెక్క తీసింది. పోయిన వారం తొంభై ఎనిమిది. ఇవాళ నూట మూడు.

మా బావిలో ఎవరి లెక్కయినా నూరు దాటితే ఇరుగుపొరుగు తలా ఒక బెల్లం ముక్క తెచ్చి పెడతారు. రోగం ముదిరినందుకు కాదు, వంతు వచ్చినందుకు. నూరు దాటిన మనిషిని మర్నాడే గాలిగదికి పిలవడం ఆనవాయితీ. సాయంత్రానికి పెద్దబాపు ముందు గిన్నెడు బెల్లం పోగయింది. ఆయన స్నేహితుడు రాజేశం అందరికంటే పెద్ద ముక్క తెచ్చాడు. ముప్పై ఏళ్ళు అదే మిషన్‌కు రెండో చెయ్యి ఆయనది. ముందూ వెనకా ఎవరూ లేని మనిషి.

"నూరు... దాటింది బిడ్డా," అన్నాడు పెద్దబాపు. "ఇగ రేపో... ఎల్లుండో... పిలుస్తరు."

"నీకంటె నేను ముందుగల పోత," అన్నాడు రాజేశం. "నాది నూటేడు... యాదికున్నదా."

ఊపిరాడని ఇద్దరు ముసలాళ్ళు ఎవరి జబ్బు పెద్దదని పోట్లాడుకోవడం చూసి నవ్వాను.

ఆరో రోజు

పిలవలేదు. ఇద్దరినీ పిలవలేదు.

యశోవర్ధన్ సార్‌ను పిలిచారు. సార్ ఉండే మొదటి గ్యాలరీ పెద్ద ఫ్యాను నోటి దగ్గరే ఉంటుంది. ఆయన దుమ్ము లెక్క తొమ్మిది. మా ఆఫీసు బీరువా లెక్క తీసినా అంతకంటే ఎక్కువే వస్తుంది. అయినా గాలిగది నుంచి గులాబీ రంగు మొహంతో తిరిగి వచ్చి, "ఇన్నాళ్ళకు వ్యవస్థ బాధ్యత మోసేవాళ్ళను గుర్తించింది, భూలక్ష్మి గారూ," అన్నారు. మొదటి గ్యాలరీలో తొమ్మిది లెక్క ఉన్నవాళ్ళందరినీ గుర్తించిందట.

గోడ మీద పేర్లు మాత్రమే పడతాయి. లెక్కలు పడవు, గోప్యత. అందుకని ఎవరికీ అనుమానం రాలేదు. నాకు రావాల్సింది. నేను శాలువా ఎక్కడ మడిచిపెట్టాలా అని చూస్తూ ఉండిపోయాను.

ఎనిమిదో రోజు

గాలిగది కాపలా కొమురెల్లి ఆఫీసుకు వచ్చాడు.

"అక్కా, పొద్దుగాల నాలుగు మంచాలు ఖాళీగ ఉంటున్నయి. మొదలు పిలిచేటోళ్ళు ఒక్కలు గూడ వస్తలేరు."

"రాకపోతే తరువాతి వాళ్ళను పంపు."

"నాలుగు గంటలు ఆగాలె అని రూలున్నది గద. నేను ఆగుతున్న. గదినిండ గాలి, పండుకునే మనిషి లేడు."

జాబితా తీసి చూశాను. మొదటి పేరు గంగవ్వ, ఇరవై రెండో గ్యాలరీ. ఆమె చనిపోయి పది రోజులైంది. రెండో ఆయనా లేడు. మూడో ఆయనా లేడు, నాలుగో ఆమె కూడా లేదు. మా బావిలో మనిషి పోతే పత్రాన్ని వెంటనే తీసెయ్యరు. సంవత్సరీకం అయ్యేదాకా ఉంచుతారు. దుమ్ము లెక్క ఉండే చోట మాత్రం 'లేరు' అని రాస్తారు. ఆ నలుగురికీ అదే రాసి ఉంది. వాళ్ళే అందరికంటే ముందు ఉన్నారు.

తొమ్మిదో రోజు

నిన్నంతా తిండి లేకుండా జాబితా మొత్తం చదివాను. ఇప్పుడు తెలుసు.

అంకెగా మార్చుకోమన్న వాక్యాన్ని నేను కొట్టేశాను కదా, యంత్రం దుమ్ము లెక్కల్ని అంకెలుగా కాక మాటలుగా చదువుతోంది. నిఘంటువులో మాటల్ని వరసపెట్టినట్టు మొదటి గుర్తును మొదటి గుర్తుతో పోలుస్తోంది. 103లో మొదటిది ఒకటి. సార్ లెక్కలో మొదటిదీ చివరిదీ తొమ్మిదే. ఒకటి కంటే తొమ్మిది పెద్దది కాబట్టి నూట మూడు కంటే తొమ్మిది పెద్దది. తొంభై తొమ్మిది దాకా మనిషి వరసలో పైకి పోతూనే ఉంటాడు. నూరు అయిన రోజు అడుగుకు పడతాడు. ఇక అంకెలన్నిటి కంటే అక్షరాలు పెద్దవి. అందుకని 'లేరు' అన్నవాళ్ళు అందరికీ పైన.

మా పెద్దబాపు స్థానం నాలుగు వేల అరవై ఒకటి. ఆయన కంటే ముందు పాలు తాగే పిల్లలున్నారు.

ఎవరైనా పోతే ఒక మంచం చచ్చిపోయినవాళ్ళ కిందికి పోతుంది. మంచాలు తగ్గితే ఇంకొకరు పోతారు. దీన్ని నేను నాలుగు నిమిషాల్లో అయ్యేట్టు చేశాను.

సార్ దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన ఓపికగా విన్నారు, నిన్ననే గాలి పట్టించుకొచ్చారు కదా.

"నియమాల పత్రానికి సీలు వేసి పదకొండు బావులకు ఆదర్శంగా పంపించాం. ఇప్పుడు విప్పడం కుదరదు," అన్నారు.

"మనుషులు పోతున్నారు సార్."

"గాలిగదికి వెళ్ళినవాళ్ళలో ఈ వారం నూరు దాటినవాళ్ళు ఒక్కరూ లేరు. అంటే తీవ్ర రోగులు తగ్గిపోయారు. కేంద్రానికి అదే రాశాను. పైగా, మీరు చెప్పింది నిజమైతే శాలువా వెనక్కి తీసుకోవాలి. దానికి నియమం లేదు."

బల్ల దగ్గరికి తిరిగి వచ్చి కూర్చున్నాను. నియమాల పత్రానికి సీలు ఉంది, మనుషుల పత్రాలకు లేదు. అవి నా చేతిలోనే ఉన్నాయి. లెక్కలన్నిటినీ మూడు అంకెల్లో రాస్తే చాలు. 9ని 009 అని, 98ని 098 అని. అప్పుడు మాటలుగా చదివినా వరస సరిగ్గానే వస్తుంది. పోయినవాళ్ళకు 000 రాస్తే వాళ్ళు అడుగుకు పోతారు. జాబితా వేగం కూడా తగ్గదు. ఇది నాకు అర నిమిషంలో తట్టింది.

కానీ పత్రంలో ఏ లెక్క దిద్దినా కారణం రాయాలి. ఆ కారణం గోడ మీద పేరు పక్కన పడుతుంది. నాలుగు వేల రెండు వందల పేర్ల పక్కన ఏ కారణం రాయను? భూలక్ష్మి తప్పు చేసిందనా?

రేపు చూద్దాంలే అనుకున్నాను. సిగ్గుపడ్డాను, అంతే. దానికి ఇంకో పేరు పెట్టను.

పదకొండో రోజు

మొదటి షిఫ్టులో రాజేశం పోయాడు. గోడకు ఆనుకొని, జాబితా వైపు మొహం పెట్టి కూర్చున్నవాడు అలాగే ఉండిపోయాడు. చివరి లెక్క నూట ఇరవై. ఆయన పత్రంలో 'లేరు' అని రాసింది నేనే. అది నా ఉద్యోగం.

రేపు ఆయన్ను గాలిగదికి పిలుస్తారు.

పన్నెండో రోజు

పెద్దబాపు లెక్క నూట పదహారు. పడుకుంటే ఊపిరాడదు. కూర్చొనే నిద్రపోతున్నాడు. "రాజేశం... పోయిండా," అని మూడుసార్లు అడిగాడు. బెల్లం గిన్నెకు చీమలు పట్టాయి.

ఆఫీసుకు వెళ్ళి ఆయన పత్రం తెరిచాను. నూట పదహారు కొట్టేసి 'లేరు' అని రాశాను. మనిషి పోతే కారణం అడగరు. బతికినవాళ్ళ గురించే యంత్రానికి అనుమానాలు.

పదమూడో రోజు

వేముల ఓదెలు, ఆరో పేరు, మొదటి వంతు. ఆయన్ను చక్రాల కుర్చీలో తీసుకెళ్ళాను. కొమురెల్లి కాగితం చూశాడు, మనిషిని చూశాడు, మళ్ళీ కాగితం చూశాడు.

"గీ లైనంత సచ్చినోళ్ళదే గదక్కా."

"పేరు ఉన్నదా లేదా?"

"ఉన్నది."

"మనిషి వచ్చిండా లేదా?"

"వచ్చిండు. పదిరోజులల్ల వచ్చిన మొదటాయన ఈయనే," అని తలుపు తీశాడు.

నాలుగు గంటల తరువాత పెద్దబాపు మూడు మాటలు కలిపి మాట్లాడాడు. పూర్తిగా తేరుకోవాలంటే ఇంకా చాలా వంతులు కావాలని సరోజన చెప్పింది. చచ్చినవాడు కాబట్టి రోజూ పిలుస్తారు. నేను తెలివైనదాన్ననుకున్నాను.

పదిహేనో రోజు

గ్యాలరీలో దాగేదేముంటుంది. పొద్దున తలుపు తీసేసరికి నూరు దాటినవాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు.

"నన్నుగూడ సంపక్కా," అన్నది పక్కింటి లచ్చమ్మ. "నూటపద్నాలుగున్నది. నేనేం పాపం జేసిన."

"మా ఆయన్ని సంపు, నన్ను వద్దు. ఇద్దరం పోతె రేషన్ ఎవలు తెస్తరు," అన్నది ఇంకొకామె.

నలభై ముగ్గురిని చంపాను. దరఖాస్తు లేకుండా, చేతులు కట్టించి నిలబెట్టకుండా ఏడో బావిలో ఇంత త్వరగా జరిగిన పని ఇంకోటి లేదు. కానీ చచ్చిపోయిన వాళ్ళలో ఎక్కువ తక్కువలుండవు. అందరికీ ఒకే మాట కాబట్టి యంత్రం పాత పత్రాల వరస పట్టింది. నిజంగా పోయినవాళ్ళు ఈ వారంలో పెరిగి పందొమ్మిది మంది, నేను చంపినవాళ్ళు నలభై నలుగురు. మంచాలేమో అరవై వంతులకే. లచ్చమ్మ అరవై రెండోది.

పదిహేడో రోజు

మరణాలు పెరిగాయని సార్ కలవరపడ్డారు. మనుషుల గురించి కాదు, పత్రాల గురించి.

"పోయినవాళ్ళ పత్రాలను కూడా రోజూ వరసపెట్టడం వృథా. తీసేస్తే జాబితా మూడు నిమిషాలకే వస్తుంది. మీకు రెండో శాలువా వస్తుంది, చూస్తూ ఉండండి," అన్నారు. రేపటి సైరనుకు ముందు 'లేరు' అన్న పత్రాలన్నీ చెరిపేయాలని ఆజ్ఞ రాసిచ్చారు. సంవత్సరీకం దాకా ఆగే ఆనవాయితీని ఒక్క సంతకంతో ఎత్తేశారు.

"పత్రం పోయిన మనిషి తిరిగి వస్తే ఏం చేయాలి సార్?"

"పోయిన మనిషి ఎలా వస్తాడు?"

"పొరపాటున."

"కొత్త పత్రం పుట్టినవాళ్ళకే ఇస్తాం. ఆయన మళ్ళీ పుట్టాలి," అని నవ్వారు.

పత్రం లేకపోతే రేషన్ లేదు, మంచినీళ్ళు లేవు, పడుకోవడానికి చోటు లేదు. లోపలి తలుపులు కూడా మనిషిని గుర్తుపట్టవు. మా పెద్దబాపుతో కలిపి నలభై నలుగురిని నేనే వరస కట్టించి ఈ గొయ్యి ముందు నిలబెట్టాను.

సరోజన దగ్గరికి పరుగెత్తాను. ఆమె ప్రతి ఛాతీ లెక్కనూ చేత్తో ఒక పుస్తకంలో రాసుకుంటుంది. ఎందుకని ఒకప్పుడు వెక్కిరించేదాన్ని.

"నీ మిషన్ మీద నమ్మకం లేకనే రాసుకుంటున్న," అన్నది. పుస్తకం చంకలో పెట్టుకుని నాతో వచ్చేసింది.

ఆమె చదివింది, నేను దిద్దాను. 009. 041. 098. 120 దగ్గర ఇద్దరం ఆగాం. అది రాజేశం చివరి లెక్క. అక్కడ 000 రాశాను. ప్రతి పత్రానికీ యంత్రం కారణం అడిగింది. ప్రతిసారీ ఒకటే రాశాను: 'వరస తప్పింది. తప్పు వేముల భూలక్ష్మిది.' నాలుగు వేల రెండు వందల సార్లు. మొదటి వంద సార్లు మొహం మండింది. తరువాత వేళ్ళు మాత్రమే నొప్పి పుట్టాయి.

సైరనుకు ముందు సార్ ఆజ్ఞ ప్రకారం 'లేరు' అన్న పత్రాలను వెతికి చెరిపేయమని యంత్రానికి చెప్పాను. అలాంటివి ఒక్కటీ లేవని జవాబు వచ్చింది.

పద్దెనిమిదో రోజు

జాబితా నాలుగు నిమిషాలకే వచ్చింది. మొదటి పేరు ముప్పై ఒకటో గ్యాలరీ సత్తెమ్మ, లెక్క నూట నలభై ఒకటి. ఆమె ఉన్నట్టే మాకెవరికీ తెలియదు. ఇంట్లోవాళ్ళు ఎత్తుకుని తెచ్చారు. లచ్చమ్మది నలభై ఎనిమిదో పేరు. అరవై వంతులూ మనుషులతో నిండాయని కొమురెల్లి వచ్చి మరీ చెప్పిపోయాడు.

అయిదు వంతుల గాలి పీల్చిన మా పెద్దబాపు లెక్క నూట నాలుగుకు దిగింది. ఆయన కంటే అధ్వానంగా ఉన్నవాళ్ళు రెండు వందల పైచిలుకు. నాలుగు రోజులు ఆగాలి.

సార్ స్థానం మూడు వేల తొమ్మిది వందల డెబ్బై. ఆఫీసుకు వచ్చి గోడ మీది కారణాలన్నీ చదివారు. అంటే ఒకే కారణాన్ని చాలాసార్లు చదివారు.

"శాఖ పరువు గోడకెక్కించారు," అన్నారు.

"నా పేరొక్కటే రాశాను సార్. మీ పేరు కూడా రాయమంటారా? చోటుంది."

నన్ను వడపోత గుడ్డల ఉతుకుడు విభాగానికి బదిలీ చేశారు. దినచర్య రాయాలన్న నియమం అక్కడ లేదు. అయినా రాస్తున్నాను.

గోడల ముందు జనం గుంపులుగా నిలబడి చదివారు. ఎవరూ నన్ను తిట్టలేదు. దారి ఇచ్చి పక్కకు జరిగారు. ఇంటికి వెళ్ళి పెద్దబాపు ముందు కూర్చొని అంతా చెప్పాను. ఆ వాక్యం కొట్టేసింది నేనేనని, తొమ్మిదో రోజే దారి తెలిసినా సిగ్గుతో నోరు మూసుకున్నానని, పదకొండో రోజు రాజేశం పోయాడని, పన్నెండో రోజు నీ ఒక్కడి పత్రమే దిద్దానని. ఆయన విన్నాడు. గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఇరవై రెండో రోజు

మూడు రోజులూ ఆయన నాతో మాట్లాడలేదు. గాలి లేకనా, మాట లేకనా తెలియదు. అన్నం పెడితే తిన్నాడు. ఇవాళ వంతు వస్తే కుర్చీలో తీసుకెళ్ళాను. లోపల నాలుగు గంటలు. బయట బెంచీ మీద నేను.

తలుపు తెరుచుకుంది. పెద్దబాపు కుర్చీ వద్దన్నట్టు చెయ్యి ఊపి నడిచి వచ్చాడు. మొహంలోకి రంగు వచ్చింది. నా ఎదురుగా నిలబడి, గుండె నిండా గాలి పీల్చుకున్నాడు. సంతోషంతో నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు మాట్లాడాడు.

"రాజేశానికి గూడ నీ అసొంటి బిడ్డ ఒక్కతి ఆఫీసుల ఉండి ఉంటే వాడు ఇయ్యాల నా పక్క మంచం మీద పండుకొని ఉండేటోడు బిడ్డా."

మధ్యలో ఎక్కడా ఆగలేదు.